పెట్టెతో చెప్పుకున్న మాట

నేను ఒక సలహాల పెట్టెను. నోరుంది, నాలుక లేదు. సెంట్రింగ్‌కు పనికిరాదని పడేసిన ప్లైవుడ్ ముక్కలతో ఒక వడ్రంగి నన్ను గంటలో బిగించాడు. పైన బెత్తెడు చీలిక, పక్కన తాళం వేసిన చిన్న తలుపు.

హైదరాబాదు శివార్లలో తొమ్మిదంతస్తులు లేస్తున్న సైటులో, ఆఫీసు గోడకు నన్ను తగిలించారు. అబ్బో, ఆ రోజు హడావుడి చూడాలి! కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు దిగారు. "ఇకనుంచి నిర్ణయాల్లో కూలీలకూ భాగం ఉంటుంది. మీ మాట ఇందులో పడితే మాకు చేరినట్టే" అని ఇంజనీరు ఫణీంద్ర మైకులో చెప్పాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో సగంమందికి రాయడం రాదు. ఆ మహానుభావుడికి అది తట్టనే లేదు. దారం కట్టిన పెన్ను మాత్రం నా పక్కన వేలాడదీశారు.

పాలమూరు నుంచి వచ్చిన ఉసేనమ్మ, కొత్త స్లాబులు గట్టిపడేలా వాటికి నీళ్ళు పట్టేది. ఆమె మొగుడు కుర్మయ్య, స్లాబు కింద ఆనించిన జాకీలు ఊడదీసే ముఠాలో పనిచేసేవాడు. ఆ వేసవిలో నాలుగు రోజులు నీళ్ళ ట్యాంకరు రాలేదు. అయిదో అంతస్తు కొత్త స్లాబు ఎండకు అలాగే మాడింది. అయినా మర్నాడే జాకీలు తీసేయమని పైనుంచి మాట వచ్చింది. ఉసేనమ్మ పరుగున ఫణీంద్ర దగ్గరికి వచ్చింది.

"సారూ, గోరుతోని గీకితె ఇసుక రాలుతున్నది. ఇంకో వారం ఆగుండ్రి, మీ కాల్మొక్త."

"నోటిమాటలు వద్దమ్మా. ఏదున్నా ఆ పెట్టెలో వెయ్యి. నెలాఖరుకి తీసి మీటింగులో మాట్లాడతాం. పద్ధతంటూ ఒకటుంది కదా!"

నెలాఖరు ఇంకా పన్నెండు రోజులుంది.

ఆమె నా ముందుకొచ్చి నిలబడింది. పెన్ను వైపు చూసింది, ముట్టుకోలేదు. అటూ ఇటూ చూసి, నా చీలికకు పెదవులు ఆనించింది.

"నాలుగు దినాలాయె నీళ్ళు పట్టక. రేపు జాకీలు ఇప్పొద్దని సార్లకు చెప్పు. నా పెనిమిటి కిందనే ఉంటడు."

ఆమె ఊపిరి వేడిగా లోపలికి తగిలింది. నాకు భయమేసింది.

మర్నాడు పదకొండింటికి నేల అదిరింది. దుమ్ము వచ్చి ఆఫీసును కమ్మేసింది. కుర్మయ్యను సాయంత్రానికి బయటికి తీశారు. ప్రాణం లేదు.

విచారణకు వచ్చిన అధికారి నా తాళం తీయించి, లోపల చెయ్యి పెట్టి తడిమాడు. 'ప్రమాదం ఉందని కూలీలెవరూ తెలియజేయలేదు' అని రాసుకున్నాడు. పక్కనే ఉన్న ఫణీంద్ర తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఉసేనమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"చెప్పిన సారూ! ఈ సారుకు చెప్పిన. పెట్టెల ఎయ్యమన్నడు. దీనికి గూడ చెప్పిన. సక్కగ చూడుండ్రి, అండ్లనే ఉంటది!"

అధికారి ఫణీంద్ర వైపు చూడలేదు. మరోసారి నాలోకి తొంగిచూసి, నా తలుపు మూసేశాడు.