అడగకుండా వచ్చిన పరుపు

నేను ఒక బ్రౌజర్‌ని. ఇంటర్నెట్‌లో ఏ పేజీ చూడాలన్నా నాలాంటి కిటికీలోంచే చూడాలి. నన్ను ఏ కంపెనీ కనలేదు. ఒకరి ముఖం ఒకరు చూడని కొన్ని వందలమంది, తమ ఉద్యోగాలు ముగించుకున్నాక తలా కొంత రాశారు. నాలో ఏముందో ఎవరైనా విప్పి చదువుకోవచ్చు. అందుకే కాబోలు, ఉచితమని నన్ను తీసిపారేస్తారు. తమను అమ్ముకునేదాన్ని మాత్రం నమ్ముతారు.

నేను హైమావతి టీచర్ ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది కోపం వల్ల. ఆవిడ కోపం బయటికి వినపడదు. తెలుగు చెబుతారు, పిల్లలు అల్లరి చేస్తే గొంతు తగ్గిస్తారు.

ఆవిడ భర్త త్రిమూర్తులు పక్షవాతంతో పద్నాలుగు నెలలు మంచంలో ఉన్నారు. ఆ రోజుల్లో ఆవిడ తన పాత బ్రౌజర్‌ని అడగని ప్రశ్న లేదు. వీపు పుండ్లకు ఏ మందు రాయాలి, గాలి పరుపు ఎక్కడ దొరుకుతుంది, మనిషి మింగలేకపోతే జావ ఎలా పట్టాలి. ప్రతి పేజీ ముందూ ‘అంగీకరిస్తున్నాను’ అన్న బటన్ నొక్కారు. ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయమని ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలకు చెప్పే మనిషి, ఆ బటన్ పైన ఏం రాసి ఉందో ఒక్కసారీ చదవలేదు. చదివే తీరిక ఎక్కడిది? తీరిక లేనివాళ్ల కోసమే దాన్ని అక్కడ పెట్టారు.

త్రిమూర్తులు జూన్‌లో పోయారు. ఆ పాత బ్రౌజర్‌కి కుడిపక్కన ప్రకటనల పట్టీ ఉంటుంది. మూసినా మళ్లీ తెరుచుకుంటుంది. పెద్దకర్మ అయ్యాక ఆవిడ బడికి వచ్చి, ఎనిమిదో తరగతి గోడమీద ప్రొజెక్టర్‌తో పద్యం చూపిస్తుంటే, పక్కన గాలి పరుపు వెలిగింది. ‘మీ ఇంటి రోగికి మరింత హాయి.’ వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆవిడ ప్రొజెక్టర్ ఆపి, పద్యం నల్లబల్ల మీద రాశారు.

ఆ మధ్యాహ్నమే లెక్కల రఫీ మాస్టారు నన్ను అందులో ఎక్కించారు.

“ఇది మీ ఎనకాల తిరగదండి. మూసేత్తే అన్నీ మర్చిపోద్ది.”

“అన్నీనా?”

“అన్నీనండి.”

“అయితే నాకంటే నయమే,” అన్నారావిడ.

మూడు వారాలు ఒక్క పరుపునూ లోపలికి రానివ్వలేదు నేను. తర్వాత యూనిట్ పరీక్ష మార్కులు ఎక్కించే ఆఖరి రోజు వచ్చింది. మార్కుల పేజీ నన్ను చూడగానే తలుపు వేసింది. ‘ఈ బ్రౌజర్‌కు అనుమతి లేదు.’ అందులో నాకు చేతకానిది ఏమీ లేదు: పేర్లు, అంకెలు, ఒక బటన్. నా పేరు అడిగి, విని, గెంటింది. అంతే.

“పాతదాంట్లో కొట్టెయ్యండి టీచరుగారూ, అరగంట పని. ఎందుకండీ పట్టుదల?” అన్నారు హెడ్‌మాస్టర్ ప్రకాశరావు.

“పట్టుదల కాదండి.”

“ఆ లిస్టు ఇటు పడెయ్యండి, నా సిస్టంలో నేను కొడతాను,” అన్నారు రఫీ మాస్టారు.

“నా పిల్లల మార్కులు నేనే వేసుకుంటాను మాస్టారూ.”

పాతదాన్ని తెరిచారు. నేను కింద చిన్న బొమ్మనై కూర్చుని చూశాను. పరుపు వచ్చేసింది. ఈసారి ధర తగ్గించారట.

పాఠ్యపుస్తకంలో తప్పు అచ్చయితే, దానిమీద తెల్లకాగితం అంటించమని ఒక్కోసారి బడికి ఉత్తర్వు వస్తుంది. టీచర్లు కూర్చుని వందల పుస్తకాలకు అంటిస్తారు. హైమావతి టీచర్‌కు అలవాటైన పనే. బీరువాలోంచి డ్రాయింగ్ షీటు తీసి, స్కేలుతో పట్టీ వెడల్పు కొలిచి, నిలువుగా కత్తిరించి, తెరమీద అంటించారు. అంచులు లేవకుండా బొటనవేలితో నొక్కారు. ప్రకాశరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

కాగితం వెనక రంగులు మారుతూనే ఉన్నాయి. ఆవిడ నలభై ఒక్కమంది మార్కులూ ఎక్కించి, పాతదాన్ని మూసి, నన్ను తెరిచారు. కాగితం మాత్రం పీకలేదు.

ఇప్పుడు నా పేజీల్లోనూ కుడివైపు రెండంగుళాలు దానికిందే ఉంటాయి. వాక్యాల చివర్లు కనిపించక ఆవిడ పేజీని పక్కకు జరుపుకుని చదువుకుంటారు. నన్ను కప్పినందుకు నాకు కోపం లేదు. నేనుండగా కూడా ఆవిడకు ఆ కాగితం కావలసి వచ్చింది, ఆ కోపం మాత్రం మూసేసినా మర్చిపోలేకపోతున్నాను.