మరి పిల్లనెవులు సూస్తారు?

ఆదివారం పొద్దున్న మెర్సీ కూతురి తలలో పేలు దువ్వుతుండగా అత్త సత్యవతి ఫోన్ చేసింది. "ఆరాధనయిపోయాక పాస్టరయ్యగారింటికి రా. ఫిన్నీ వస్తన్నాడు. సంతకం ఎట్టేస్తే నీ దారి నీది, ఆడి దారి ఆడిది," అంది. పిల్లెలా ఉందని అడగలేదు. ఫోను పెట్టేశాక మెర్సీ చేతిలో దువ్వెన కొంచెం గట్టిగానే కదిలింది. బ్యూలా కెవ్వుమంది.

మెర్సీ మొగుడు ఫిన్నీ విశాఖపట్నంలో క్రేను నడుపుతాడు. అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. వాళ్ళకిప్పుడో కొడుకు. మెర్సీ ఆమదాలవలసలో అద్దెగదిలో కూతురితో ఉంటూ, శ్రీకాకుళంలో చీరల దుకాణానికి పనికి వెళుతుంది. విడాకులకు ఇద్దరూ ఒప్పుకున్నారు. మిగిలింది పిల్ల సంగతి.

పిల్ల మీద హక్కులన్నీ వదులుకుంటాడట. బదులుగా పోషణకి తననెవరూ ఏమీ అడగకూడదట. చర్చికి నడుస్తున్నంతసేపూ మెర్సీకి ఆ హక్కులేమిటో అర్థం కాలేదు. జ్వరంతో పిల్ల ఏడిస్తే, "నీ పిల్ల ఏడస్తన్నాది, సూడు," అని దుప్పటి ముసుగేసుకున్న మనిషి. బళ్ళో పాటకి బహుమతి వచ్చిన రోజున మాత్రం ఆ ఫొటో తన స్నేహితులందరికీ పంపి "నా కూతురు" అని రాసుకున్నాడు. పిల్లకి ఆటలమ్మ పోసి తను పని మానేస్తే దుకాణం యజమాని, "మీ ఇంట్లో ఇంకెవులూ నేరేటి?" అని జీతం కోశాడు. ఆ మాట అత్తతో చెప్పుకుంటే, "తల్లివి కావేటి, తప్పుతాదేటి," అంది. తల్లి అన్న ఒక్క మాటలో ఎన్ని చాకిరీలు కుక్కేశారో! తండ్రి అన్న మాట మాత్రం తేలిగ్గా ఉంది. చొక్కాలా తొడుక్కోవచ్చు, ఉక్కపోస్తే విప్పేయవచ్చు.

పాస్టరుగారి భార్య బ్యూలాని పెరట్లోకి తీసుకెళ్ళింది. ముందుగదిలో ఫిన్నీ స్టాంపు కాగితం బల్ల మీద పెట్టాడు.

"ఇంక ఆ పిల్ల నీదే. నాను అడ్డురాను," అన్నాడు, ఏదో దానం చేస్తున్నట్టు.

"గొడవలొద్దమ్మా. ఎవరి బతుకు వాళ్ళు ప్రశాంతంగా బతకండి," అన్నారు పాస్టరుగారు.

మెర్సీ కాగితం చదివింది. పాస్టరుగారి వైపు తిరిగి, "అయ్యగారూ, ఇలాటిది ఇంకొకటి రాయించండి. నాకూ హక్కులొద్దు. నానూ వదిలేస్తన్నాను," అంది.

కొడుకు పక్కన కూర్చున్న సత్యవతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సీ! కన్నతల్లివేనా నువ్వు?" పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "తప్పు తల్లీ, అలాంటి మాట అనకూడదు," అన్నారు. ఇందాక ఫిన్నీ అదే మాట అన్నప్పుడు ఆయన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

ఫిన్నీ ముఖంలో రంగు దిగిపోయింది. "అదేటి? మరి పిల్లనెవులు సూస్తారు?"

బ్యూలా పుట్టాక అతని నోటి నుంచి ఆ ప్రశ్న రావడం ఇదే మొదలు.

"నాను వదల్ను. భయపడకు," అంది మెర్సీ లేచి నిలబడుతూ. "గాని సంతకం ఎట్టను. పోషణ పిల్లకి రావలసింది. నాది కాదు. దానిది వదిలీడానికి నానెవుల్ని? నీకు కూతురొద్దంటే కోర్టుకి రా. అందరి ముందరా నీ నోటితోనే సెప్పు."

"పెద్దోళ్ళంటే లెక్క నేదు దీనికి," అని సత్యవతి వెనక నుంచి అంటూనే ఉంది. పాస్టరుగారు ప్రార్థన చేసుకుందాం ఆగమన్నారు. మెర్సీ ఆగలేదు. పెరట్లోంచి కూతుర్ని పిలుచుకుని బయటకు నడిచింది.

ఆటోలో బ్యూలా తల్లి ఒళ్ళోకి జరిగింది. "అమ్మా, నాన్న నాతో ఒక్కమాటైనా మాటాడనేదేటి? పనుందా? ఈసారి క్రిస్మస్‌కి కూడా గౌను పంపుతాడా?"

పనుందమ్మా అన్న జవాబు అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. ఏటేటా తను గౌను కొనడం, నాన్న పంపాడని చెప్పడం, పిల్ల కళ్ళలో అతన్ని మంచివాడిగా నిలబెట్టడం. అతని ఇల్లు వదిలి వచ్చినా ఈ చాకిరీ మాత్రం మానలేదు. దీనికి జీతం లేదు సరే, అతనికి తెలియను కూడా తెలియదు.

"ఆ గౌన్లు నాను కొన్నవే బ్యూలా. మీ నాన్న ఎప్పుడూ ఏటీ పంపలేదు."

బ్యూలా తల్లి ముఖంలోకి చూసింది. ఒళ్ళోంచి దిగి అటు చివరికి జరిగిపోయింది.

"నువ్వు అబద్ధాలాడతావు," అంది.

ఆ నింద కూడా తన వంతుకే వచ్చింది. మెర్సీ ఈసారి మాట మార్చలేదు.