తన పేరుతో పలికిన గొంతు

దారం పంటి కింద బిగించి, కుర్చీలో ఉన్న అమ్మాయికి కనుబొమలు దిద్దుతోంది బ్యూటీషియన్. ఎదుటి అద్దంలో ఒక కానిస్టేబులు, అతని వెనకాలే చేతిసంచి గుండెకు హత్తుకున్న పెద్దావిడ కనిపించారు.

"నా కొంప ముంచింది నువ్వేనా?" అందావిడ.

దారం జారిపోయింది.

ఆవిడ రిటైరైన నర్సు. ఎవరో ఒకామె ఇన్‌స్పెక్టర్‌నంటూ ఫోన్ చేసి, ఆవిడ పేరున మత్తుమందుల పార్సిల్ దొరికిందని చెప్పిందట. గది దాటితే అరెస్టేనని బెదిరించి, వీడియోలో కాపలా కాసి, విచారణ అంటూ బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చేశారు. ఆ నంబరు బ్యూటీషియన్ పేరు మీద ఉంది.

"నాకున్నది ఈ ఒక్క నంబరే సార్!" అంటూండగానే ఆమెకు గుర్తొచ్చింది. వీధి మలుపులో గొడుగు కింద సిమ్ములమ్మినామె "సరిగ్గా పడలేదక్కా" అంటూ రెండోసారి వేలిముద్ర వేయించుకుంది. ఆ మాటే చెప్పింది.

"ఆ రెండో వేలిముద్రకు పుట్టిన సిమ్ము దేశం దాటిపోయిందమ్మా," అన్నాడు కానిస్టేబులు.

బ్యూటీషియన్ ఉండబట్టలేక, అతను వారిస్తున్నా వినకుండా, నర్సు ఫోన్లోంచి ఆ నంబరు నొక్కి స్పీకరు పెట్టింది.

"హలో, క్రైమ్ బ్రాంచ్." చక్కటి తెలుగు. వెనకాల తేనెపట్టు కదిలినట్టు బోలెడన్ని గొంతులు.

"ఎవరు మాట్లాడేది?"

ఆ గొంతు, రాసిచ్చింది చదివినట్టు తడుముకోకుండా, బ్యూటీషియన్ పేరూ, ఇంటిపేరూ చెప్పింది.

"ఆ పేరు నాది. నువ్వెవరివి?"

అటువైపు గొంతు గుసగుసగా మారింది. "అక్కా, పెట్టెయ్యకండి. ఆఫీసు ఉద్యోగమని తీసుకొచ్చి పాస్‌పోర్టులు లాక్కున్నారు. ఎవరూ చిక్కని రోజున కరెంటు షాకులు పెడుతున్నారు. మా అమ్మకు..."

"నీ అసలు పేరు చెప్పు తల్లీ, తొందరగా!" అంది నర్సు.

మగగొంతు ఒకటి గద్దించింది. కుర్చీ బోర్లాపడ్డ చప్పుడు, కేక, ఆపైన ఏమీ లేదు. మళ్లీ చేస్తే స్విచాఫ్.

పోలీసులు ఆ నంబరు ఆపించారు. బ్యూటీషియన్ తప్పేమీ లేదని తేల్చారు. నర్సు డబ్బు మాత్రం ఏ దేశంలో తేలిందో అంతుపట్టలేదు.

వారం తిరక్కుండానే నర్సు మళ్లీ షాపుకొచ్చింది. కొత్త నంబరు నుంచి ఇన్‌స్పెక్టర్‌నంటూ ఫోనొచ్చిందట.

"ఏం పేరు చెప్పింది?"

"నీ పేరే."

"ఆ పిల్లేనా?" అంది బ్యూటీషియన్.

నర్సు తల అడ్డంగా ఊపింది. "కాదమ్మా. ఇది వేరే పిల్ల."