తడవని ముఖం

చర్చి ఆవరణలో రాతి తొట్లు రెండున్నాయి. పైతొట్టి మీద పడే ధార కింద చేతులూ ముఖమూ కడుక్కోవాలి. కింది తొట్టి కాళ్ళకు, దానికి వేరే కుళాయి. కడుక్కోకుండా ఎవరూ లోపలికి అడుగు పెట్టరు. కడుక్కున్న ముఖాన్ని తుడుచుకోరు కూడా, ప్రార్థనలోనే ఆరనివ్వాలి. ఇంట్లో ఎవరైనా కడుక్కోలేని స్థితిలో ఉంటే, వాళ్ళ పేరు తలుచుకుని ఇంటివాళ్ళు రెండోసారి కడుక్కోవడం అక్కడి ఆనవాయితీ.

ఏడాదిగా ఆగిపోయి అందరిచేతా ఇంటి నుంచి చెంబుల్లో నీళ్ళు మోయించిన ఆ ధారను బాగుచేసింది మన కుళాయి మేస్త్రి. పనిమంతుడని అతనికి పేరుంది. ఆ పేరంటే అతనికి మహా ముద్దు, అదే కొంప ముంచింది. కాళ్ళు కడిగిన నీళ్ళను మొక్కలకు తోడే మోటారు గొట్టం ఒకటుంది. మంచినీళ్ళ గొట్టమూ అదే లావు, అదే రంగు. గొట్టాలకు గుర్తు పెట్టడమెందుకు, ఆ మాత్రం నాకు తెలీదా అనుకున్నాడు పెద్దమనిషి. మోటారు గొట్టాన్ని తీసుకెళ్ళి పైధారకు బిగించాడు, మీద రాళ్ళు పరిచాడు, సిమెంటు పూశాడు. ఇంకేముంది, అందరి కాళ్ళ నీళ్ళూ అందరి ముఖాల మీదికే వచ్చాయి.

మొదటి ఆదివారం ఫాదర్ అతన్ని అందరి ముందూ నిలబెట్టి మెచ్చుకున్నారు. రెండో ఆదివారం మేస్త్రి ధార కింద దోసిలి పడితే అందులో సన్నటి ఇసుకా ఒక వెంట్రుకా కనిపించాయి. వాసన చూశాడు. ఏ గొట్టం ఎక్కడికి పోయిందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు కదా.

అప్పుడే నోరు విప్పి ఉంటే సరిపోయేది. విప్పలేదు. రాళ్ళు పగలగొట్టాలంటే ఎందుకో చెప్పాలి, చాటుగా చేద్దామంటే ఫాదర్ గది తొట్టికి ఎదురుగానే ఉంది. వచ్చే వారం చూద్దాం, వచ్చే వారం చూద్దాం అంటూ ఆరు ఆదివారాలు దొర్లించాడు. తను మాత్రం ఆ నీళ్ళు ముట్టలేదు. పక్క గుమ్మంలోంచి పొడి ముఖంతో లోపలికి దూరేవాడు. తన ముఖం విషయంలో ఎంత జాగ్రత్తో చూడండి.

ఇంతలో వాళ్ళింట్లోనే ఉండే అత్తగారికి కళ్ళు ఎర్రబడ్డాయి. రెప్పలు వాచి, పొద్దున లేచేసరికి అతుక్కుపోయేవి. మురికి నీళ్ళు పడ్డాయని డాక్టరు అంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"ఇంట్లో కాచిన నీళ్ళు వాడతానండీ. బయట ముఖం కడిగేది చర్చిలోనే. ఆ నీళ్ళకి వంక పెట్టకండి, మా అల్లుడు చేసిన పని అది."

మేస్త్రి పక్కనే నిలబడి విన్నాడు. అయినా కిక్కురుమనలేదు.

తర్వాతి ఆదివారం ఆవిడ మెట్ల పక్కన బల్ల మీద చతికిలబడింది. నలభై ఏళ్ళుగా ఒక్క వారం మానని మనిషి.

"మీరు వెళ్ళండి నాయనా. నాలో ఏదో పాపం ఉండబట్టే ఈ నీళ్ళు నాకు పడలేదు. కళ్ళు తేటపడేదాకా నేను గడప తొక్కను. ఏం తప్పు చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు, అదే బాధ."

మేస్త్రి ఎప్పట్లాగే పక్క గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. తనంటే తనకే అసహ్యం వేసింది. వెనక్కి వచ్చి, వరసలో నిలబడ్డవాళ్ళ మధ్యలోంచి దూరి మోటారు కట్టేశాడు.

"ఈ నీళ్ళు ముట్టుకోకండి. గొట్టం తప్పు బిగించాను. ఇవి కాళ్ళు కడిగిన నీళ్ళు."

ముఖాలు తడిసినవాళ్ళు తడిసినట్టే ఉండిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. తల వంచుకుని వెళ్ళి అత్తగారి ముందు కింద కూర్చున్నాడు.

"మీ పాపం ఏం లేదు అత్తయ్యా. అంతా నేను చేసిందే."

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండో వారమే."

"అందుకా పక్క గుమ్మంలోంచి వెళ్తున్నావు."

ఆవిడ వాచిన రెప్పలు కష్టం మీద విప్పి అల్లుడి వైపు చూసింది.

"నేను గమనిస్తూనే ఉన్నా. పనుల్లో పడి కడుక్కోవడం మర్చిపోతున్నావేమో అనుకున్నా. అడిగితే నొచ్చుకుంటావని అడగలేదు."

"అడగాల్సింది అత్తయ్యా."

"నీ పేరు చెప్పుకుని ప్రతివారం నేనే రెండోసారి కడుక్కున్నాను. మొదటిసారి నాకోసం కడుక్కునేటప్పుడు కళ్ళు మూసుకునేదాన్ని. నీ వంతు కదా, లోటు ఉండకూడదని, రెండోసారి తెరిచే కడుక్కున్నాను."