కాపలావాడి సొంత గోడు

ప్రపంచాన్ని ప్రళయం నుంచి కాపాడే గూఢచారికి మాటలు రాసే అదృష్టం ఆయనకు ఎప్పుడూ పట్టలేదు. ఆ గూఢచారి సినిమాలు వరసగా వచ్చాయి, వరసగా ఆడాయి, ప్రతి సినిమా వెనకాలే ఓ వీడియో గేమ్ కూడా వచ్చింది. గేమ్‌లో హీరో పలికే ప్రతి మాటా సినిమా కంపెనీవాళ్ళే రాసి పంపుతారు. అందులో కామా మార్చాలన్నా వాళ్ళ అనుమతి కావాలి. ఆయన రాసేది హీరో చేతిలో మెడ మీద దెబ్బ తిని కుప్పకూలే కాపలావాళ్ళ మాటలు. "ఎవరక్కడ?" "ఏదో చప్పుడైందే." "ఎవరూ లేరు, గాలి అయ్యుంటుంది." ఈ మూడు ముక్కల్నే అటు తిప్పి ఇటు తిప్పి ఏళ్ళ తరబడి రాస్తున్నాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని గాలిగారు అంటారు. మొదట్లో ఉడుక్కునేవాడు. ఇప్పుడు ఫోనెత్తి తనే "గాలిని మాట్లాడుతున్నాను" అంటున్నాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ పెద్ద నవల రాసే ఉద్దేశం ఉండేది. మొదటి అధ్యాయం మొదటి పేజీ దాకా వచ్చాక కాపలావాళ్ళు అడ్డొచ్చారు. చుట్టాలెవరైనా ఏం రాస్తున్నావని అడిగితే "సినిమా వాళ్ళకి" అని ఊరుకునేవాడు. వాళ్ళు ఇంకేదో ఊహించుకుని కళ్ళు పెద్దవి చేసుకుంటే సరిదిద్దేంత మంచివాడేం కాదు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆయన, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే భార్య, మామగారు పోయాక వాళ్ళ దగ్గరికొచ్చిన అత్తగారు. అత్తగారు మంచిదే. అల్లుడు కూడా, తనకు తెలిసినంతలో, మంచివాడే. ఇద్దరి మధ్యా మాటలే లేవు. "ఆయన కాఫీ తాగుతారేమో అడుగు" అని ఆవిడ కూతురితో అంటే, "వద్దన్నానని చెప్పు" అని ఈయన భార్యతో అనేవాడు. ఆ మాటలు జరిగేటప్పుడు ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉండేవాళ్ళు. భార్య డ్యూటీకి వెళ్ళిపోతే ఇల్లు మూగబోయేది. హాల్లో ఎవరూ లేరని తలుపు సందులోంచి చూసుకుని మంచినీళ్ళకు వెళ్ళేవాడు ఈయన. కాపలావాళ్ళ కళ్ళు కప్పడం ఎలాగో ఊరందరికీ నేర్పే మనిషి, సొంతింట్లో చెంబు చేతిలో పట్టుకుని గోడవార నక్కేవాడు.

ఆ రోజుల్లోనే ఓ పాడు వారం వచ్చింది. ఆయన రాసుకునే గది అత్తగారికి ఇవ్వాల్సి వచ్చి, బల్ల బట్టలుతికే మిషన్ పక్కకు చేరింది. మిషన్ తిరిగినప్పుడల్లా బల్లతోపాటు ఆయనా వణికేవాడు. టీవీ రిమోట్ ఆవిడ చేతికి వెళ్ళి ఇక తిరిగి రాలేదు. సరిగ్గా అప్పుడే ఆఫీసులో, కొత్త గేమ్‌లోని గోదాము అంతస్తులో తిరిగే కాపలావాడికి మాటలు కావాలన్నారు.

వాళ్ళ ఆఫీసులో ఓ పద్ధతుంది. అసలు నటులు వచ్చి చెప్పేదాకా, రాసినవాడే మైకు ముందు కూర్చుని ఆ మాటలు తన గొంతుతో చెప్పి పెడతాడు. దాన్ని తాత్కాలిక గొంతు అంటారు. దాని మీద ఎర్ర గుర్తు పెట్టాలి. గేమ్ బయటికి వెళ్ళేలోపు ఎర్ర గుర్తున్నవన్నీ ఏరి, నటులచేత మళ్ళీ చెప్పిస్తారు. ఎలాగూ పోయేదే కదా అని అప్పుడప్పుడూ అందులో నోటికొచ్చింది వాగడం అందరికీ అలవాటే. ఆ రోజు ఈయన కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. మనసు తేలికపడింది. తేలికపడ్డ సంతోషంలో ఎర్ర గుర్తు పెట్టడం మరిచిపోయాడు.

ఆ గొంతు అలాగే గేమ్‌లోకి వెళ్ళిపోయింది. ఎవరి చెవినా పడలేదు. కాపలావాడు తన గోడు చెప్పుకోవాలంటే కాసేపు ఎవరూ వాడి జోలికి పోకుండా ఉండాలి. లోకంలో అంత ఓపిక ఎవరికుంది? గేమ్‌ని పరీక్షించేవాళ్ళు కూడా గోదాములోకి దిగుతూనే వాడి నెత్తిన ఒక్కటిచ్చి ముందుకు సాగిపోయారు.

గేమ్ విడుదలైంది. ఆఫీసులో ఇచ్చిన కాపీ ఇంటికి తెచ్చి బల్ల మీద పడేశాడు. మర్నాడు అత్తగారు దాని అట్ట మీది హీరో బొమ్మను చేత్తో తుడుస్తూ కనిపించింది. ఆ సినిమాలన్నీ ఆవిడా మామగారూ కలిసి చూశారట. చివరిది మాత్రం ఆవిడ ఒక్కతే వెళ్ళి చూసి వచ్చింది.

"అల్లుడుగారూ, ఇది నాలాంటివాళ్ళు కూడా ఆడొచ్చా అండీ?" అని అడిగింది. మధ్యలో కూతురు లేకుండా ఆవిడ ఆయనతో అన్న మొదటి మాట అది.

నేర్పాడు. ఏ మీట నొక్కితే నడుస్తాడో, ఏది నొక్కితే వంగుతాడో పక్కన కూర్చుని చూపించాడు. మొదట్లో ప్రపంచాన్ని కాపాడే వీరుడు ఆవిడ చేతిలో పడి గోడకేసి నడుస్తూ ఉండిపోయేవాడు. రెండు మూడు రోజుల్లో చెయ్యి తిరిగింది. ఆవిడ పద్ధతే వేరు. ఎవర్నీ కొట్టేది కాదు. "పాపం, వాడి ఉద్యోగం వాడు చేసుకుంటున్నాడు" అని పెట్టెల చాటున కూర్చుని, కాపలావాడు అటు తిరిగేదాకా ఎంతసేపైనా కాచుకునేది. కాచుకున్నంతసేపూ వాడు చెప్పేది వినేది. కొత్త బూట్లు కరుస్తున్నాయని ఒకడు సణిగితే పకపకా నవ్వింది. "ఇది మీరే రాశారా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి అత్తగారు. గాలిగారు నిజంగానే గాలిలో తేలిపోయాడు. సాయంత్రమైతే చాలు, ఆఫీసు నుంచి పరుగున వచ్చి పక్కన చేరేవాడు. ఆవిడ ఏ మాటకు నవ్వుతుందో ఓరకంట చూసేవాడు. ఆవిడ కాఫీ పెట్టి నేరుగా ఆయన చేతికే ఇచ్చేది. భార్య డ్యూటీ నుంచి వచ్చి ఈ ఇద్దర్నీ చూసి, పొరపాటున వేరే ఇంటికి వచ్చానేమో అనుకున్నానంది.

"రేపు గోదాములోకి దిగాలండీ" అని ఓ సాయంత్రం అత్తగారు అంది. అప్పుడు ఆయనకు తను వాగిందంతా, ఎర్ర గుర్తు పెట్టని సంగతితో సహా, ఒక్కసారిగా గుర్తొచ్చింది.

ఆఫీసుకు వెళ్ళి, శబ్దాల పని చూసే అమ్మాయిని బతిమాలి ఆ ముక్క వెతికించాడు. అది దొరికింది, గది నిండా జనం ఉండగా స్పీకర్లలో దొరికింది. అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. తీసేయడానికి వీలవుతుందా అని అడిగితే, సినిమా కంపెనీ అనుమతి రావాలి, వచ్చే నెల దాకా ఆగాలి అంది ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ.

ఇక తన తెలివినే నమ్ముకున్నాడు. ఆట ఆడే రిమోట్‌లో బ్యాటరీలు తీసి జేబులో వేసుకున్నాడు. అత్తగారు గోడ గడియారంలోవి తీసి వేసుకుంది. గోదాములో ఏవో లోపాలున్నాయి, డాబా మీదుగా వెళ్ళడం మంచిదని సలహా ఇచ్చాడు. ఎత్తులు చూస్తే తనకు కళ్ళు తిరుగుతాయంది. ఆ అంతస్తు తను ఆడిపెడతానన్నాడు. ఎవరో ఆడిపెట్టాక తను ఆడేదేముందని అడిగింది. గూఢచారి గేమ్‌ల మీద ఇన్నాళ్ళు బతికినవాడి యుక్తులన్నీ అంతటితో అయిపోయాయి.

మర్నాడు సాయంత్రం తలుపు తీసేసరికి హాల్లోంచి తన గొంతే వినిపించింది.

"కాళ్ళు పీకుతున్నాయి. ఇంటికెళ్తే మాత్రం ఏముంది? మా అత్తగారొచ్చాక రిమోట్ నా చేతికొచ్చి ఎరుగను. నా గది ఆవిడకిచ్చి నేను బట్టల మిషన్ పక్కన కూర్చుంటున్నాను." కాపలావాడు అటూ ఇటూ నాలుగడుగులు వేసి గోడకు ఆనుకున్నాడు. "ఓ వారం ఉండి వెళ్తారనుకున్నాను. ఎప్పుడెళ్తారని అడుగుదామంటే ఇంటిదానికి కోపం. ఈ జన్మకి కదిలేలా లేరు."

అత్తగారు పెట్టెల చాటున ఉంది. అంటే తెర మీద హీరో పెట్టెల చాటున ఉన్నాడు, ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. వెనక్కి తిరగలేదు.

"గొంతు బాగా వచ్చిందండీ" అంది.

"అది తాత్కాలికం అత్తయ్యగారూ. మార్చేయాల్సింది."

"గొంతా, మాటలా?"

తెర మీద కాపలావాడు మళ్ళీ కాళ్ళు పీకుతున్నాయన్నాడు.

"పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాను" అంది ఆవిడ. "ఇంకా ఏమైనా అంటాడేమోనని. మళ్ళీ మళ్ళీ మొదటికే వస్తున్నాడు."

ఆవిడ ఆగింది. ఆగి వినడం ఆవిడకు బాగా వచ్చు. ఇప్పుడు ఓ మంచి మాట పడితే చాలని ఆయనకు తెలుసు. వేల మాటలు రాసినవాడికి ఆ ఒక్కటీ దొరకలేదు. చివరికి "ఆ వారం ఆఫీసులో పని ఎక్కువైందండీ" అన్నాడు. తను రాసిన కాపలావాళ్ళలో బొత్తిగా తెలివితక్కువవాడు కూడా అంత చచ్చు మాట అనలేదని ఆయనకు అప్పుడే తెలిసింది.

మర్నాడు అత్తగారు చిన్న కూతురింటికి బయల్దేరింది. చిన్నదాన్ని చూడాలనిపించిందని మాత్రం చెప్పింది, అల్లుడి మీద ఒక్క ముక్క అనలేదు. చిన్న కూతురిది ఒక్క గది ఇల్లు. పిల్లలు నిద్రపోయాక ఆవిడ సోఫాలో నడుం వాల్చాలి. అది ఆయనకూ తెలుసు, భార్యకూ తెలుసు. తల్లిని స్టేషన్‌లో దింపి భార్య తిరిగి రాగానే, ఆమె అడక్కముందే జరిగిందంతా చెప్పేశాడు. ఆమె అరిచినా బాగుండేది. చెప్పులైనా విప్పకుండా అలాగే నిలబడి విన్నది.

"నువ్వు ఫోన్ చేసి, నేనలా అనుకోవట్లేదని చెప్పరాదూ?" అన్నాడు.

"ఇన్నాళ్ళూ మీ ఇద్దరి మాటలూ నేనే మోశాను. ఇది మాత్రం నేను మొయ్యను. చెప్పాలనుంటే మీరే చెప్పండి" అని ఆమె స్నానానికి వెళ్ళిపోయింది.

గది ఆయనకు తిరిగి వచ్చింది. బల్ల అక్కడికి జరుపుకున్నాడు. వణుకు లేని బల్ల మీద ఒక్క వాక్యం రాయలేకపోయాడు. రిమోట్ కూడా తిరిగి వచ్చింది. సోఫాలో మహారాజులా కూర్చుని చానళ్ళన్నీ తిప్పి, చూసేదేమీ లేక ఆపేశాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక రాసిన మాట చెప్పుకోవడానికి మనిషి లేదు. కాఫీ తనే పెట్టుకుని తనే పారబోశాడు. అత్తగారు లేక దిగులుపడే అల్లుడు ఇంకెక్కడైనా ఉన్నాడేమో ఆయనకు తెలియదు. ఉంటే వాడి దగ్గర సలహా అడిగేవాడు.

ఫోన్‌లో చెప్పాల్సింది ఆఫీసులో కూర్చుని రాశాడు. క్షమించమని మర్యాదగా ఒకటి, కాస్త చమత్కారంగా ఒకటి, తప్పంతా ఎర్ర గుర్తు మీదికి నెట్టేస్తూ ఒకటి. అలవాటు కొద్దీ మూడూ మైకు ముందు చెప్పి విన్నాడు. మూడింట్లోనూ కాపలావాడే వినిపించాడు. ఇలా రాసుకుంటూ, చెరుపుకుంటూ రెండు వారాలు గడిపేశాడు. భార్య రోజూ తల్లితో మాట్లాడుతూనే ఉంది. ఆయన గదిలోకి వస్తే మాత్రం ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయేది.

ఓ ఆదివారం పొద్దున, భార్య డ్యూటీలో ఉండగా, కాగితాలేవీ లేకుండా ఫోన్ చేశాడు. అవతల పిల్లల గోల వినిపించింది. తర్వాత ఆవిడ గొంతు వినిపించింది.

"అత్తయ్యగారూ, నేనే. ఆ మాటలు నావే. ఆ వారం అవి నిజంగానే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవట్లేదు. మీరు లేక ఇల్లు బోసిపోయింది. నాకేం తోచట్లేదు. వచ్చేయండి."

అవతల నుంచి ఏమీ రాలేదు. ఇలాంటి చోట ఏం రాయాలో ఆయనకు కంఠతా వచ్చు. ఎవరూ లేరనుకుని కాపలావాడు అటు తిరిగి నడిచిపోవాలి. ఆయన ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. చెవి వేడెక్కింది.

"అమ్మాయి చెప్పమందా?" అంది ఆవిడ చివరికి.

"లేదండీ. తనకి తెలీదు."

"బండి సాయంత్రం ఉంది" అంది. "స్టేషన్‌కి మీరే రండి. దాన్ని పంపకండి."

వస్తానన్నాడు. ముందే వచ్చి నిలబడతానన్నాడు. ఎప్పుడూ లేనిది మాటలు తోసుకుని వస్తున్నాయి. సాయంత్రమంటే తొందరవుతుందేమో, పెట్టె సర్దుకోవడానికి టైమ్ సరిపోతుందా, కావాలంటే రేపటి బండికైనా పరవాలేదు అన్నాడు.

"విప్పితే కదండీ సర్దడానికి" అంది అత్తగారు.