ట్రాంటర్ల పన్నెండెకరాలు

ముందే చెప్పేస్తున్నాను, ఆ పొలం నాది కాదు.

మా పెరటి గేటు దాటితే మొదలయ్యే పన్నెండెకరాల పచ్చిక అది. నూట నలభై ఏళ్లుగా నెదర్ థార్న్ ఊళ్లో దాన్ని ట్రాంటర్ల పొలం అంటారు. నేను ట్రాంటర్ల కోడల్ని, ఆఖరి ట్రాంటర్‌ని కూడా. అయినా పొలం నాది కాదు. నా మొగుడు రెజ్ నడుం పడిపోయిన ఏడాది, బర్మింగ్‌హామ్‌లో ఉండే ఒక పళ్ల డాక్టరుకి దాన్ని గుట్టుగా అమ్మేశాడు. ఆ డాక్టరు ఒక్కసారి వచ్చి, బూట్లకు పేడ అంటించుకుని, మళ్లీ ఇటు తొంగిచూడలేదు. గొర్రెల్ని మేపుకోండి, కంచె చూసుకోండి, అంతే అన్నాడు. "ఊళ్లో తెలిస్తే తలెత్తుకోలేను ఏవిస్" అన్నాడు రెజ్. నేను నోరు మెదపలేదు. రెజ్ పోయి ఆరేళ్లయినా మెదపలేదు. ఊరు అడగనూ లేదు. ట్రాంటర్ల పొలం ట్రాంటర్లది కాక ఇంకెవరిదవుతుంది?

ఆ ఆరేళ్లలో మా తలుపు తట్టినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోస్టతను, కరెంటు మీటరు చూసేవాడు, దారి తప్పిన ఒక సైకిలాయన. ఆ సైకిలాయనకు టీ ఇచ్చి గంటన్నర కూర్చోబెట్టాను. పాపం, చివర్లో కొంచెం భయపడ్డట్టున్నాడు.

అలాంటిది పోయిన సెప్టెంబరులో ఒక మంగళవారం డెస్మండ్ పాడ్లీ వచ్చాడు. మా వైపు నక్కల వేట సంఘానికి వాడే పెద్ద. చలికాలమంతా ఎర్రకోటు వేసుకుని, గుర్రమెక్కి, అరవై కుక్కల వెనక బూర ఊదుకుంటూ తిరుగుతాడు. చిన్నప్పుడు బళ్లో నా వెనక బెంచీలో కూర్చుని జడ లాగేవాడు. ముఖం అప్పుడూ ఎరుపే.

"ఏవిస్! ఎలా ఉన్నావే?" అంటూ బల్లమీద రెండు చచ్చిన అడవికోళ్లను, వాటి పక్కన ఒక కాయితాన్ని పెట్టాడు. "చిన్న పని. ఇక్కడ ఒక సంతకం గిలికెయ్."

సంగతేమిటంటే, వేట వద్దనే వాళ్లు పోలీసుల దాకా వెళ్లడంతో ఆ ఏడాది ప్రతి పొలానికీ అనుమతి కాయితం మీద ఉండాల్సి వచ్చింది. పై అడవి నుంచి కింది అడవికి వెళ్లాలంటే ఒక పక్క నది, ఒక పక్క పెద్దరోడ్డు. మధ్యలో ట్రాంటర్ల పొలం. అది లేకపోతే వేట లేదు.

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. కానీ అప్పటికే కెటిల్ పొయ్యి మీద ఉంది, డెస్మండ్ కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. ఆ కుర్చీ మీద ఒక కోటు వేలాడి ఎంత కాలమైందో.

"ఆలోచించుకోవాలి" అన్నాను.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అంటూనే రెండో కప్పు కూడా తాగాడు. వెళ్లేసరికి చీకటి పడబోతోంది.

రెండు రోజులకు రోజలిండ్ క్విల్ వచ్చింది. ఊళ్లోకి వచ్చి పదకొండేళ్లే అయింది కాబట్టి ఇంకా కొత్తమనిషి కిందే లెక్క. సంగీతం టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడ వ్యాను మీద నవ్వుతున్న నక్క బొమ్మ, దాని కింద 'ప్రతి ప్రాణమూ విలువైనదే' అన్న అక్షరాలు. చేతిలో పప్పు సూపు గిన్నె. ఆ గిన్నె కింద ఇంకో కాయితం: ఈ పొలంలో వేటకు చోటు లేదని.

"ఏవిస్ గారూ, మీరు సంతకం చేస్తే ఈ లోయలో ఒక్క నక్క కూడా చావదు. అంతా మీ చేతిలో ఉంది" అంది, నా రెండు చేతులూ పట్టుకుని. నా చేతులు ఎవరైనా పట్టుకుని చాలా కాలమైంది.

"ఆలోచించుకోవాలమ్మా" అన్నాను.

అక్కణ్ణుంచి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది నా పని. మంగళవారం డెస్మండ్, గురువారం రోజలిండ్. ఆరేళ్లుగా కీచుమంటున్న గేటును డెస్మండ్ బాగుచేశాడు. రోజలిండ్ నిచ్చెనెక్కి చూరు గొట్టంలో ఆకులు తీసింది. డెస్మండ్ కట్టెలు కొట్టి పేర్చాడు. రోజలిండ్ నా కళ్లద్దాలకు కొత్త కాడ వేయించి తెచ్చింది. ఇద్దరివీ నక్క వినయాలేనని నాకు తెలుసు. నావి మాత్రం ఏమైనా తక్కువా?

అక్టోబరు మొదట్లో ఒక ముసలి గొర్రె చచ్చిపోయింది. ఆ రోజు గురువారం.

"డెస్మండ్‌కి ఫోన్ చేస్తాను" అన్నాను మామూలుగా. మా తాతల నాటి నుంచీ పశువు చస్తే వేటవాళ్లే పైసా తీసుకోకుండా పట్టుకుపోతారు, కుక్కలకు మేతగా.

రోజలిండ్ ముఖం పాలిపోయింది. "వద్దు! వాళ్లు చేసేవన్నీ మేమూ చెయ్యగలం. నేను తీసుకెళ్తాను."

"నువ్వా? ఎక్కడికి?"

"ఎక్కడికో ఒకచోటికి."

ఆ ఎక్కడో ఒకచోటు, చచ్చిన పశువుల్ని కాల్చే స్థలం, మాకు నలభై మైళ్లు. పదేళ్లుగా మాంసం ముట్టని మనిషి, కళ్లు మూసుకుని వెనక కాళ్లు పట్టుకుంది. ముందు కాళ్లు నేను పట్టుకున్నాను. వ్యానులోకి ఎక్కించాం గాని కాళ్లు బిగుసుకుపోయి తలుపు మూతపడలేదు. చివరికి తాడుతో కట్టాం. నవ్వుతున్న నక్క, ప్రతి ప్రాణమూ విలువైనదే అన్న మాట, వెనక నుంచి ఆకాశంలోకి చూస్తున్న రెండు గిట్టలు. అలా బయల్దేరింది ఊరేగింపు. సందు మలుపులో డెస్మండ్ ట్రాక్టరు ఎదురైంది. వాడు బండి ఆపి, టోపీ తీసి, గుండెల మీద పెట్టుకుని నిలబడ్డాడట.

నవ్వాడే గాని లోపల భయం పట్టుకుంది వాడికి. మర్నాడే పరుగెత్తుకొచ్చాడు.

"ఆవిడ ఏం చేసిందో చెప్పు. నేనూ చేస్తాను."

"సూపు తెచ్చింది. తింటావా?"

ఒక గిన్నెడు పప్పు సూపు వాడి ముందు పెట్టాను. జీవితంలో మొదటిసారి మాంసం లేని భోజనం చేశాడు డెస్మండ్ పాడ్లీ. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే.

ఆ తర్వాత నన్ను ఒకరితో ఒంటరిగా వదిలిపెట్టడానికి రెండోవారు ఒప్పుకోలేదు. మంగళవారమూ ఇద్దరే, గురువారమూ ఇద్దరే. అప్పుడు మొదలైంది అసలు వేడుక.

"మేం నక్కని తరమట్లేదమ్మా, తరమకూడదని చట్టమొచ్చిందిగా. ఒకడు గుడ్డకి వాసన పూసి ముందు ఈడ్చుకుంటూ పోతాడు. కుక్కలు ఆ గుడ్డ వెంట పోతాయి. చట్టం చెప్పిందీ అదే, మేం చేసేదీ అదే" అనేవాడు డెస్మండ్.

"పోయినేడు మీ గుడ్డ మా పెరట్లోంచే పరిగెత్తింది. దానికి తోక కూడా ఉంది డెస్మండ్ గారూ."

"దారిలో నక్క అడ్డమొస్తే ఏం చెయ్యమంటారు? కుక్కలకి చట్టం చదివి వినిపించనా? వాటికి చదువొచ్చా?"

"వాటికి రాదు. మీకొచ్చు కదా?"

"వాడికీ అంతంతమాత్రమే" అన్నాను నేను. "ఒకే బడిలో చదివాం."

డెస్మండ్ బల్ల గుద్దాడు. "నా కోళ్ల సంగతి చెప్పు మరి! ఒక్క రాత్రిలో ముప్ఫై ఒకటి చంపింది ఈవిడగారి ముద్దుల నక్క. తిన్నది రెండు. మిగతావన్నీ ఊరికే, సరదాకి!"

"అంటే సరదాకి చంపడం తప్పని మీరూ ఒప్పుకుంటున్నారు" అంది రోజలిండ్, సూపు చల్లార్చుకుంటూ.

డెస్మండ్ ఆవిడ వైపు వేలు చూపించాడు. "మీ పిల్లి రోజుకో ఎలుకని తెచ్చి గుమ్మంలో పడేస్తుంది. దాని మీద ధర్నా ఎప్పుడు?"

ఈసారి రోజలిండ్ ముఖం ఎర్రబడింది. నేను కేకు కోశాను. వాదన సద్దుమణిగి ఎవరైనా తలుపు వైపు చూస్తే, "ఇంతకీ నక్క..." అని ఒక్క మాట విసిరేదాన్ని. ఇంకో గంట ఖాయం. అంత సుఖంగా ఉన్న శరత్తు నాకు గుర్తులేదు.

కానీ నవంబరు మొదటి శనివారం వేట మొదలవ్వాలి. ముందు రోజు సాయంత్రం ఊరి హాల్లో అందరి ముందూ నా నిర్ణయం చెప్పాలని ఇద్దరూ కలిసి తేల్చేశారు. ఎడమవైపు డెస్మండ్ తాలూకు బూట్లవాళ్లు, కుడివైపు రోజలిండ్ తాలూకు ఊలుటోపీలవాళ్లు. మధ్యలో ఒక బల్ల, రెండు కాయితాలు, ఒక పెన్ను, నేను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఏ కాయితం మీద సంతకం పెట్టినా ఒకటే, రేపటి నుంచి మా ఇంటికి రావలసిన అవసరం ఎవరికీ ఉండదు. ఆ హాల్లో నా బెంగంతా దాని గురించే గాని నక్క గురించి కాదు.

డెస్మండ్ లేచాడు. "రెజ్ ట్రాంటర్ ఉంటే ఏమనేవాడో నేను చెబుతాను. 'ఈ పొలంలో అంగుళం కూడా పరాయివాడికి పోనివ్వను' అన్నాడు నాతో. ఈ చెవులతో విన్నాను. ఆయన మట్టిమనిషి. మట్టి తప్ప ఇంకేమీ కోరలేదు."

రోజలిండ్ కూడా లేచింది. "రెజ్ గారు నాకూ తెలుసు! రోడ్డు మీద కప్పని చూస్తే ట్రాక్టరు ఆపేవారు. ఆ పొలంలో నెత్తురు చిందడం ఆయన ఆత్మ సహించదు."

"కప్పా? బ్రేకులు సరిగ్గా లేక ఆపేవాడు!"

"ఆయన మనసు మీకేం తెలుసు?"

"నీకేం తెలుసు? నువ్వొచ్చి ఎంతకాలమైంది?"

నా రెజ్‌ని పట్టుకుని ఇద్దరూ చెరో కాలూ లాగుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నోళ్లు మూస్తారా?" అన్నాను లేచి. "రెజ్ ఆ పొలం అమ్మేశాడు. ఎప్పుడో. బర్మింగ్‌హామ్ పళ్ల డాక్టరుకి."

వెనక వరసలవాళ్లు లేచి నిలబడ్డారు.

"మట్టి తప్ప ఏమీ కోరలేదా? ఆ మట్టే రెజ్ నడుం విరిచింది. అమ్మేసిన వారమే నన్ను సముద్రం ఒడ్డున ఉండే లాండుడ్నో తీసుకెళ్లాడు. పది రోజులు. మా ఇద్దరి బతుకులోనూ సముద్రం చూసింది అప్పుడే. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలో నిలబడి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. రెజ్ నవ్వితే ఎలా ఉంటాడో మీలో ఒక్కరికైనా తెలుసా? అదీ నా రెజ్."

ముందుగా తేరుకున్నది డెస్మండ్. "అయితే నీ సంతకం...?"

"చిత్తుకాయితం."

"మరి రెండు నెలలుగా మమ్మల్ని ఎందుకు తిప్పుకున్నారు?" అంది రోజలిండ్.

"వస్తారని" అన్నాను. అబద్ధాలు అయిపోయాయి నా దగ్గర. "ఆరేళ్లుగా ఒక్కరూ రాలేదు. మీరొచ్చి కూర్చుంటే బాగుంది. అంతే."

"గేటు బాగుచేశాను!" అన్నాడు డెస్మండ్.

"గొర్రెని మోశాను!" అంది రోజలిండ్.

"సూపు తిన్నాను!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పదకొండేళ్లలో ఏ విషయంలోనూ కుదరని ఏకాభిప్రాయం నా విషయంలో కుదిరింది. నన్ను తిట్టుకుంటూ ఒకే తలుపులోంచి, భుజం భుజం రాసుకుంటూ బయటికి పోయారు. నేను కుర్చీలు సర్ది ఇంటికి నడిచాను.

ఇద్దరూ పళ్ల డాక్టరుకి ఉత్తరాలు రాశారని పోస్టతను చెప్పాడు. ఇద్దరికీ ఒకటే జవాబు వచ్చిందట: తనకు ఆ పొలం ఉందన్న సంగతి గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు, ఇక కుక్కలు గాని బ్యానర్లు గాని అందులో అడుగుపెట్టకూడదు. ఆ లోయలో వేట ఆగిపోయింది. అంటే డెస్మండ్‌కి నాతో పనిలేదు. రోజలిండ్‌కి అసలే లేదు.

మూడు మంగళవారాలు గడిచాయి. అలవాటు కొద్దీ మూడు కప్పులు దించడం, రెండు మళ్లీ పైన పెట్టడం. కొత్తగా వచ్చిన ఒంటరితనం పాతదానికంటే పెద్దది. అది నేను చేసుకున్నదే, ఇంకెవర్ని అంటాను?

నాలుగో మంగళవారం మధ్యాహ్నం సందులో హారన్లు మోగాయి. వెళ్లి చూస్తే ఒక పక్క ట్రాక్టరు, ఎదురుగా నక్క వ్యాను. సందులో ఒక్క బండే పడుతుంది.

"వెనక్కి తీసుకోండి!"

"నువ్వే తీసుకో! ట్రాక్టరుది పెద్ద బండి!"

"ఆడవాళ్లని వెనక్కి పొమ్మంటారా?"

అరగంట అరుచుకుని, ఎవరూ తగ్గక, బండ్లు అక్కడే వదిలేసి ఇద్దరూ నడుచుకుంటూ వచ్చారు.

"నా దగ్గర పొలం లేదు" అన్నాను గుమ్మంలో అడ్డంగా నిలబడి.

"తెలుసులే. టోపీ మర్చిపోయాను, దానికోసం వచ్చాను" అన్నాడు డెస్మండ్. టోపీ వాడి నెత్తి మీదే ఉంది.

"నేను నా సూపు గిన్నె కోసం" అంది రోజలిండ్. గిన్నె ఆవిడ చేతుల్లోనే ఉంది, పొగలు కక్కుతూ.

పక్కకు జరిగాను. డెస్మండ్ కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. మూడు కప్పులు దించాను. కాని ఏం మాట్లాడుకోవాలో ఎవరికీ తెలియలేదు. వేట ఆగిపోయిందిగా, ఇంకేం మిగిలింది? డెస్మండ్ చెంచా తిప్పాడు. రోజలిండ్ కిటికీలోంచి చూసింది. సగం కప్పు అయ్యేసరికి డెస్మండ్ చూపు తలుపు వైపు పోయింది.

"పొద్దున మన పెరట్లో నక్కని చూశాను" అన్నాను. "నోట్లో ఎవరిదో కోడి."

నిజానికి చూడలేదు.

ఇద్దరూ కుర్చీలు బల్ల దగ్గరికి లాక్కున్నారు.