ఫిర్ రెమ్మ పెట్టిన పుట

మా ఆయన యెర్నే నవంబరులో వేట మంచె మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. వేటగాళ్ల సంఘం వాళ్లే దుప్పట్లో చుట్టి కిందికి దించారు. నేను ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. పన్ను పీకే ముందు చిగుళ్లకి మత్తు సూది వేస్తారే, అలా ఉంది ఒళ్లంతా. గిల్లితే గిల్లినట్టు తెలుస్తుంది, నొప్పి ఉండదు.

మా కొచేవ్యె అడవుల్లో జంతువుని కొడితే ఊరికే ఈడ్చుకు రారు. దేవదారులాంటి ఫిర్ చెట్టు రెమ్మ ఒకటి తుంచి దాని నోట్లో పెడతారు. దాన్ని ఆఖరి ముద్ద అంటారు. ఇంకో రెమ్మ కొట్టినవాడి టోపీలో గుచ్చుతారు. వేటగాడు పోతే అందరూ తలో రెమ్మా గోతిలో వేస్తారు. యెర్నే మీద కూడా వేశారు, బూర ఊదారు. సంఘం పెద్ద వెంచెల్ పసిపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మలక్కలు మాత్రం నా కళ్ల వంకే చూశారు. "హెడ్వికాది రాతిగుండె" అని ఒకావిడ అననే అంది. అంటే అననీ. నిజంగానే రాయినైపోయానేమోనని నాకే భయంగా ఉంది.

శీతాకాలం అలాగే గడిచింది. తిన్నాను, పడుకున్నాను, మంచు ఊడ్చాను. ఫిబ్రవరిలో వెంచెల్ వచ్చి టోపీ చేత్తో నలుపుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఎలా అడగాలో తెలీట్లేదు."

"నోటితో అడుగు. మంచు లోపలికి వస్తోంది."

"మావాడెవడు పోయినా వాడి వేట కథల పుస్తకాలు సంఘం గుడిసెకి చేరతాయి కదా. ఆనవాయితీ. నీకిష్టం లేకపోతే..."

"అన్నీ పట్టుకుపో. జాడీలు పెట్టుకోవడానికి చోటు లేక చస్తున్నాను."

ఆ పుస్తకాలంటే నాకు మొదట్నించీ మంట. పగలంతా అడవిలో తిరిగేది చాలక, ఇంటికొచ్చాక కూడా అడవి గురించే చదివేవాడు. దుప్పులు, తోడేళ్లు, ఎలుగుబంట్లు, మంచులో తప్పిపోయినవాళ్లు. ఎవరికీ అరువిచ్చేవాడు కాదు. చేయి దాటిన పుస్తకం తిరిగి రాదనేవాడు. కథలు మాత్రం అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు. గుడిసెలో మగాళ్లకి, వంటింట్లో నాకు. నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే ఎదురుగా కూర్చుని, చేతులు తిప్పుతూ చెప్పేవాడు. ప్రతి కథలోనూ చివరికి జంతువు తప్పించుకుపోయేది.

"ఇన్నేసి పేజీలు తిరిగి ఒక్కదాన్నీ కొట్టలేని సన్నాసుల కథలా నువ్వు చదివేది?" అనేదాన్ని.

"అందులోనే ఉందే మజా" అని నవ్వేవాడు.

ఆదివారం మధ్యాహ్నం వెంచెల్ కారులో పెట్టెలతో పాటు నేనూ గుడిసెకి వెళ్లాను. పోయినవాడి పుస్తకం ఒకటి తెరిచి, అందరూ వింటుండగా కాస్త చదివి, అప్పుడు అల్మారాలో పెడతారు. భార్య ఉండాలి. పుస్తకాలు ఇల్లు దాటితేనైనా లోపల ఏదో ఒకటి కదులుతుందని నా ఆశ. దుప్పి మాంసం కూర ఉడుకుతోంది. ఎవరో నా చేతిలో సారా గ్లాసు పెట్టారు.

చదవడానికి గాష్పెర్ లేచాడు. కోత మిల్లులో లారీ నడుపుతాడు, గొంతు బాగుంటుంది. పైనున్న పుస్తకం తీశాడు. చివర్లో ఎండిన ఫిర్ రెమ్మ ఉంటే అక్కడే తెరిచాడు. ఒంటికొమ్ము దుప్పి కథ. దుప్పి వాగు ఒడ్డుకి వచ్చింది, తల ఎత్తింది, గుండు తగిలింది, మోకాళ్ల మీద కూలింది.

"ఆగు, ఆగు" అన్నాడు వెంచెల్. "ఏం చదువుతున్నావురా? ఆ దుప్పి చావదు. వాగు దాటి పోతుంది."

"ఇక్కడ చచ్చింది బాబాయ్. ఇదిగో, అచ్చులో ఉంది."

"నీ మొహం. యెర్నే నాకు పదిసార్లు చెప్పాడు."

"నాకూ చెప్పాడు. దాటిపోతుంది" అన్నాను. గుడిసెలోకి వచ్చాక నేను అన్న మొదటి మాట అదే.

గాష్పెర్ ఇంకోటి తీశాడు. ముసలి తోడేలు కథ. అందులోనూ చివర్లోనే రెమ్మ. దాని తర్వాత తోడేలు చచ్చింది. మాకు తెలిసిన తోడేలు మంచుగాలిలో కలిసిపోయింది కదా! ఎలుగుబంటి కథలోనూ అంతే. ఇక అందరూ పెట్టెల మీద పడ్డారు. ఏ పుస్తకం చూసినా ఒకటే తంతు. రెమ్మకి ఇవతల పుటలు వేళ్ల మురికితో, సారా మరకలతో నలిగి ఉన్నాయి. అవతల పుటలు కొట్లో కొన్నట్టే తెల్లగా ఉన్నాయి. జంతువు చచ్చే చోటికి రాగానే తన టోపీలోని రెమ్మ తీసి అడ్డం పెట్టి, పుస్తకం మూసేశాడు మా ఆయన. మిగతాది సొంతంగా అల్లి చెప్పాడు.

"అడవిలో ఏనాడూ చెయ్యి వణకలేదే వాడికి!" అన్నాడు వెంచెల్. "ఇన్నేళ్లు మా అందరి చెవుల్లో పువ్వులు పెట్టాడు, దొంగ సచ్చినోడు..."

అని నాలుక్కరుచుకున్నాడు. కూర అడుగంటుతున్న వాసన వచ్చినా ఎవరూ లేవలేదు.

పెట్టె అడుగున చిన్న పుస్తకం ఒకటి మిగిలింది. ఆయన పోయిన రోజు మంచె మీద కోటు జేబులో దొరికింది. ఫ్లాస్కుతో పాటు నాకు అప్పగిస్తే, తెరిచి చూడకుండానే అందులో పడేశాను. గాష్పెర్ తెరిచాడు. ఇందులోనూ రెమ్మ ఉంది. ఇంకా కాస్త పచ్చగా ఉంది.

"కొండమేక కథ" అన్నాడు. "రాతి అంచు మీద నిలబడింది. పొగమంచు తొలగింది. కిందున్నవాడు తుపాకీ ఎత్తాడు. ఇది మేం వినలేదు పిన్నీ. నీకు చెప్పే ఉంటాడుగా, ఏమైంది?"

అందరూ నా వైపు తిరిగారు. చెప్పడానికి నోరు తెరిచాను. దుప్పి వాగు ఎలా దాటిందో చెప్పగలను. తోడేలు ఎటు పోయిందో చెప్పగలను. ఈ మేక సంగతి ఎంత వెతికినా దొరకలేదు. రెమ్మ పెట్టాడంటే తన ముగింపు మనసులో అల్లుకున్నాడన్నమాటే. సాయంత్రం ఇంటికొచ్చి చెబుదామనుకున్నాడు. ఆ సాయంత్రం నేను బంగాళాదుంపలు గిన్నెలో పోసుకుని కూర్చునే ఉన్నాను.

అప్పుడు మత్తు వదిలింది. ముందు వేళ్లలో, తర్వాత ఛాతీలో. ఇంత నొప్పి ఇన్నాళ్లు ఎక్కడ దాక్కుందో తెలియదు.

"పోనీలే, నేను చూస్తానుండు" అని గాష్పెర్ పుట తిప్పబోయాడు.

"ముట్టుకోకు!"

నా అరుపుకి గోడ పక్కన పడుకున్న కుక్క లేచి నిలబడింది. వెళ్లి పుస్తకం లాక్కున్నాను.

"మిగతావన్నీ ఉంచుకోండి. ఇది ఇవ్వను."

ఆనవాయితీ అని ఎవరూ అనలేదు. వెంచెల్ నా కోటు తెచ్చి భుజాల మీద కప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు దారి మధ్యలో కారు ఆపేయాల్సి వచ్చింది. నేను అంత ఏడ్చాను. వెంచెల్ అవతలి కిటికీలోంచి చెట్ల వంక చూస్తూ కూర్చున్నాడు.

పుస్తకం వంటింట్లో ఉంది, బంగాళాదుంపల బుట్ట పక్కన. రెమ్మ దాటి పుట తిప్పలేదు. మేక ఆ రాతి అంచు మీదే ఉంది. కిందున్నవాడు తుపాకీ ఎత్తే ఉన్నాడు. రోజూ చెక్కు తీస్తూ అది ఎటు దూకి తప్పించుకోవాలా అని అల్లి చూస్తాను. నాకు చేతకావడం లేదు. అది యెర్నే పని.